జిద్దా దాహం, కొత్తగూడెం డబ్బా నీళ్లు

హజ్ ముగించుకుని వచ్చిన హాజీగారి ఇంటికి ముబారక్ చెప్పడానికి వెళితే ముందుగా చేతికి అందేది చిన్న గ్లాసులో జమ్‌జమ్ నీళ్లు, రెండు ఖర్జూరాలు. ఆ అయిదు లీటర్ల డబ్బాను ఎంత భద్రంగా దాచుకుంటారో, ఎన్ని ఇళ్లకు కొంచెం కొంచెంగా పంచుతారో కొత్తగూడెంలోనూ, పాల్వంచలోనూ, ఇల్లందులోనూ మనం చూస్తూనే ఉన్నాం. మక్కాలోని ఆ పవిత్రమైన బావి గురించి మన పిల్లలకు కూడా కథలు కథలుగా తెలుసు. కానీ హాజీల విమానాలు దిగే ఊరు, 1995 దాకా బొంబాయి ఓడ వెళ్లి ఆగిన రేవు జిద్దా. ఒకపక్క ఎర్ర సముద్రం, మరోపక్క ఎడారి. ఏడాది మొత్తం మీద అక్కడ పడే వాన సగటున అయిదు సెంటీమీటర్లు. మన జిల్లాలో వానాకాలంలో ఒక్క మంచి ముసురు పడితే అంత వర్షం ఒక్క రోజులో కురుస్తుంది. మరి ఆ ఊరి జనం, ఆ ఊరి మీదుగా వెళ్లిన లక్షలాది హాజీలు ఇన్ని వందల ఏళ్లు ఏ నీళ్లు తాగారు?

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే సౌదీ ప్రభుత్వ సంస్థ 1974లో ఏర్పడింది. 2024లో దానిని 'సౌదీ జల ప్రాధికార సంస్థ'గా మార్చారు. ప్రపంచంలో సముద్రపు నీటిని తాగునీరుగా మార్చడంలో సౌదీ అరేబియాది మొదటి స్థానం. ఈ వార్త మన పత్రికల్లో ఏదో మూలన వచ్చి ఉంటుంది. మనకు అది అరబ్బుల ఐశ్వర్యానికి సంబంధించిన వార్తగానే కనిపిస్తుంది. కానీ జిద్దా నీళ్ల చరిత్రను మొదటి నుంచి చదివితే అది డబ్బు కథ కంటే ఎక్కువగా యాజమాన్యం కథ అని తెలుస్తుంది. నీళ్లు ఎవరివి? ఎవరు అమ్ముతారు? ఎవరు కొంటారు? కిన్నెరసాని పక్కన కాపురం ఉంటూ ఇరవై లీటర్ల డబ్బాలు కొనుక్కుంటున్న మనకు ఈ ప్రశ్న దూరపుది కాదు.

మక్కాకు మొదట్లో రేవు జిద్దా కాదు. దానికి దక్షిణంగా ఉన్న షుఐబా. హిజ్రీ 26లో, అంటే క్రీ.శ. 647 ప్రాంతంలో, మూడో ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) రేవును జిద్దాకు మార్చారు. ఓడలు నిలవడానికి అది అనువైన చోటు. కానీ తాగడానికి చుక్క తీపి నీరు లేదు. ఊళ్లోని బావులు ఉప్పన. అందుకే జిద్దావాసులు ఆకాశాన్ని నమ్ముకున్నారు. రాతిలో, పగడపు రాళ్ల గోడల మధ్య నేల తొట్లు కట్టి, అరుదుగా పడే వాననీటిని వాటిలోకి మళ్లించి, మూతలు వేసి దాచారు. వీటిని 'సహరీజ్' అంటారు. 1183లో హజ్‌కు వచ్చిన అందలుసియా యాత్రికుడు ఇబ్ను జుబైర్ జిద్దాలో ఇలాంటి పాతకాలపు నీటి తొట్లను చాలా చూశానని రాశాడు.

ఇక్కడే అసలు సంగతి మొదలవుతుంది. తొట్టి కట్టాలంటే స్థలం కావాలి, కూలీలు కావాలి, డబ్బు కావాలి. కాబట్టి తొట్లు వర్తకులవయ్యాయి, ఉన్న ఇళ్లవారివయ్యాయి. మామూలు రోజుల్లో ఇంటికి వాడుకుని, హజ్ కాలంలో అమ్మేవారు. ఓడ దిగిన యాత్రికుడికి దాహం వేస్తే వేరే దారి లేదు కదా! వానలు రాని ఏడాది ధర ఎంత పలికినా కొనాల్సిందే. లేనివారు ఊరి బయటి బావుల నుంచి ఒంటెల మీద, గాడిదల మీద వచ్చే చప్ప నీళ్లో, ఉప్పు నీళ్లో తాగేవారు.

కాలువ తవ్వే ప్రయత్నాలు జరగకపోలేదు. పదహారో శతాబ్దం తొలినాళ్లలో మమ్లూక్ సుల్తాన్ ఘౌరీ కాలంలో బయటి లోయ నుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చారని చెబుతారు. తర్వాత అది పూడిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫరజ్ యుస్ర్ అనే జిద్దా వర్తకుడు ఆ పాత దారిని బాగుచేయించాడు. ఆ ఊట ఆయన పేరుతోనే నిలిచింది. అదీ ఎక్కువకాలం నడవలేదు. 1880ల్లో హిజాజ్ గవర్నరుగా ఉన్న ఉస్మాన్ నూరీ పాషా మరో కాలువ తెప్పించాడు. దాని నీరూ క్రమంగా తగ్గిపోయింది. ఎందుకు ఇలా ఒకటి తర్వాత ఒకటి పాడయ్యాయి? వరదలు, ఇసుక, మరమ్మతులకు డబ్బు లేకపోవడం నిజమైన కారణాలే. అయితే ఊళ్లోకి చవకగా నీరు రావడం తొట్ల యజమానులకు, నీళ్లు మోసి అమ్మే ముఠాలకు గిట్టలేదన్నది కూడా చరిత్రకారులు ఎత్తిచూపిన కారణం. కాలువ పారితే వాళ్ల వ్యాపారం ఎండుతుంది. మనకు ఇది కొత్తగా అనిపించదు. వేసవిలో పైపులైను ఎక్కడ పగిలితే ఎవరి ట్యాంకరు తిరుగుతుందో ఏ ఊరివారైనా చెప్పగలరు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించింది యాత్రికులు. 1865 హజ్‌లో కలరా చెలరేగి, అక్కడి నుంచి ఈజిప్టుకు, ఐరోపాకు పాకింది. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య మహాసభ జరపాల్సి వచ్చింది. హిందూస్తాన్ నుంచి వచ్చే పేద హాజీలే రోగం తెస్తున్నారని అప్పటి ఐరోపా పత్రికలు నిందించాయి. రోగం గంగా తీరం నుంచి వచ్చి ఉండవచ్చు, కానీ అది వ్యాపించింది మురికి నీటి వల్ల. ఈ విషయాలను దగ్గర నుంచి చూసినవారిలో డాక్టర్ అబ్దుర్రజ్జాక్ ఒకరు. భారతీయ ముస్లిం వైద్యుడు. హజ్ ఆరోగ్య పరిస్థితులపై నివేదిక కోసం 1878లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆయనను పంపింది. 1882లో జిద్దాలో వైస్ కాన్సల్‌గా నియమించింది. 1895లో జిద్దా గోడల బయట బదూలు ఆయనను కాల్చి చంపారు. మన చరిత్ర పుస్తకాల్లో ఆయనకు ఒక పేరా కూడా దక్కలేదు.

ఇక బొగ్గు మాటకు వద్దాం. ఇది చదివే కొత్తగూడెం పాఠకులకు ఈ భాగం ఆసక్తిగా ఉంటుందని అనుకుంటున్నాం. 1907లో ఉస్మానియా ప్రభుత్వం జిద్దా సముద్రపు ఒడ్డున ఒక యంత్రాన్ని పెట్టించింది. సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీరు చేసే యంత్రం. ఇంగ్లీషు 'కండెన్సర్' అరబ్బుల నోట 'కిందాసా' అయింది. అది నడిచింది బొగ్గుతో. మన ఇల్లందులో 1889లోనే గనుల పని మొదలైంది, నిజాం రైళ్లు ఆ బొగ్గుతోనే నడుస్తున్నాయి. జిద్దాలో మండింది మన బొగ్గే అని మేము అనడం లేదు! బొగ్గు నీళ్లుగా మారిన ఊరు ఒకటి ఉందని మాత్రమే చెబుతున్నాం. బొగ్గు ఓడ ఆలస్యమైతే యంత్రం ఆగేది. కట్టెలు వేసి నడిపిన రోజులూ ఉన్నాయి. తుప్పు పట్టి చెడిపోతే బాగుచేసేవారు దొరికేవారు కాదు. పాతది పనికిరాకుండా పోయాక, 1928లో రాజు అబ్దుల్ అజీజ్ కొత్తగా రెండు యంత్రాలు తెప్పించారు.

యంత్రం నుంచి ఇంటికి ఆ నీరు ఎలా చేరేది? 'సఖ్ఖా' అనబడే నీళ్లమనిషి భుజం మీద కావడి, అటొకటి ఇటొకటి తగరపు డబ్బాలు. ఆ డబ్బాను అక్కడ 'తనకా' అంటారు. మన దగ్గర కిరసనాయిలు డబ్బాను కోసి బిందెగా వాడుకున్నట్లే. ఈ పని చేసినవారిలో చాలామంది ఆఫ్రికా నుంచి హజ్‌కు వచ్చి తిరుగు ప్రయాణానికి డబ్బు లేక అక్కడే ఉండిపోయిన పేదలు. ఊరి దాహం తీర్చినవాడి పేరు ఏ రాతిపలక మీదా లేదు.

జిద్దా నీళ్ల కథలో అసలు మలుపు 1947. ఆ ఏడాది రాజు అబ్దుల్ అజీజ్ పేరిట వాదీ ఫాతిమా లోయలోని ఊటల నుంచి పదుల కిలోమీటర్ల గొట్టాలు వేసి ఊళ్లోకి నీరు తెచ్చారు. 'ఐనుల్ అజీజియా' అంటారు. ఊరి చుట్టూ ఉన్న పాత గోడ కూడా ఆ ఏడాదే కూలింది. నీళ్లు రావడంతో జిద్దా గోడలు దాటి పెరగడం మొదలైంది. గమనించదగ్గ విషయం ఏమిటంటే, ఈ నీటి సరఫరాను వక్ఫ్‌గా ఏర్పాటు చేశారు. నడపడానికి, మరమ్మతులకు ఆదాయం వచ్చేలా దానికి ఆస్తులు రాసిచ్చారు. పాత కాలువలు ఎందుకు ఎండిపోయాయో వాళ్లు గ్రహించారన్నమాట. కాలువ తవ్వడం ఒక్కసారి అయ్యే ఖర్చు. దాన్ని ఏటేటా బతికించడమే అసలు ఖర్చు.

వక్ఫ్ నీళ్లు అనగానే మనకు గుర్తొచ్చేది రూమా బావి. జిద్దాను రేవుగా ఎంచుకున్న హజ్రత్ ఉస్మాన్ (రజి)గారిదే ఈ ఉదంతం కూడా. మదీనాకు వలస వచ్చిన ముస్లింలకు తీపినీరు దొరికే ఆ బావి ఒక వ్యక్తి సొంతం. అతను నీరు అమ్ముకునేవాడు. బావిని కొని ప్రజలకు ఇచ్చేదెవరని దైవప్రవక్త (స) అడిగితే హజ్రత్ ఉస్మాన్ ముందుకొచ్చారు. యజమాని పూర్తిగా అమ్మనంటే మొదట సగం వాటా కొన్నారని ఒక కథనం. ఒకరోజు ఆయనది, ఒకరోజు ఇతనిది. ఉస్మాన్‌గారి రోజున నీరు ఉచితం కాబట్టి జనం రెండు రోజులకు సరిపడా తోడుకుపోయేవారు. రెండో రోజు బావి దగ్గరకు వచ్చేవారే లేకపోయేసరికి యజమాని మిగతా సగం కూడా అమ్మేశాడు. ఇందులో దానగుణం ఎంత ఉందో వ్యవహార జ్ఞానం కూడా అంతే ఉంది. నీళ్ల వ్యాపారిని ఆయన తిట్టలేదు, దోషిగా నిలబెట్టలేదు. పక్కనే ఉచితంగా మంచినీరు నమ్మకంగా దొరికేలా చేశారు. అంతే, బేరం పోయింది.

అయితే జిద్దా వక్ఫ్ నీటికి ఒక చీకటి కోణం ఉంది. దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. వాదీ ఫాతిమా పచ్చని లోయ. ఖర్జూరాలు, కూరగాయలు పండించి మక్కాకు, జిద్దాకు పంపిన పల్లెలు అక్కడ ఉండేవి. ఊటల నీరు నగరానికి మళ్లిన కొద్దీ, తర్వాత పంపులు పెరిగిన కొద్దీ, ఆ తోటలు ఎండాయి. రైతులు నగరానికి కూలీలుగా, డ్రైవర్లుగా వలసపోయారు. జిద్దా కొళాయిలో నీరు ఉచితమే, కానీ దాని ఖరీదు మరొకరు కట్టారు. ఆనకట్టల కింద, గనుల కింద పొలాలూ అడవులూ పోయిన గిరిజన గూడేల పక్కన బతికే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఊటలు చాలవని తేలాక మళ్లీ సముద్రం వైపే తిరిగారు. 1970లో జిద్దాలో మొదటి పెద్ద కర్మాగారం మొదలైంది. రోజుకు సుమారు 1.9 కోట్ల లీటర్ల మంచినీరు, దాంతోపాటే 50 మెగావాట్ల కరెంటు. ఒకే ఆవిరితో రెండు పనులు. టర్బైను తిప్పి వచ్చిన ఆవిరి వేడితోనే సముద్రపు నీటిని మరిగిస్తారు. కేటీపీఎస్‌లో ఉద్యోగం చేసినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. కిందాసా ముత్తాత అయితే ఇది మునిమనవడు, బొగ్గు స్థానంలో చమురు వచ్చింది. తర్వాత పెద్ద కర్మాగారాలు షుఐబాలో కట్టారు. అవును, హజ్రత్ ఉస్మాన్ కాలంలో వదిలేసిన ఆ పాత రేవే! 2009-10 నాటికి అక్కడి మూడో దశ ఒక్కటే రోజుకు 88 కోట్ల లీటర్లు ఇచ్చేలా తయారైంది. ఈరోజు మక్కాలో మన హాజీలు బస చేసే హోటల్ కొళాయిలోనూ సముద్రపు నీరే వస్తుంది.

ఇంత నీరు తయారవుతున్నా అందరికీ అందిందా అంటే లేదు. 2000 దశకం మధ్యలో జిద్దాలో ట్యాంకర్లు నింపే కేంద్రాల దగ్గర జనం గంటల తరబడి క్యూలు కట్టారు. కొళాయిలో నీరు కొన్ని రోజులకోసారి వచ్చేది, ఇంటి కింద తొట్టి ఉన్నవారు నింపుకునేవారు. లేనివారు 'వాయిట్' కొనుక్కునేవారు. జిద్దాలో పనిచేసి వచ్చిన మన అన్నదమ్ములకు నీళ్ల లారీకి వాడే ఈ మాట బాగా తెలుసు, కొందరు వాటిని నడిపినవారే. వాడిన నీరు పోవడానికి డ్రైనేజీ సరిపోక, ట్యాంకర్లతో ఊరి తూర్పున పోసిన మురుగు ఒక చెరువే అయింది. దానికి 'కస్తూరి సరస్సు' అని జనం పేరు పెట్టడం వెటకారం కాక మరేమిటి! 2009 నవంబరు 25న, హాజీలు మినాకు బయల్దేరిన రోజునే, కొన్ని గంటల వాన జిద్దాను ముంచింది. 120 మందికి పైగా చనిపోయారు. ఆ మురుగు చెరువు కట్ట తెగుతుందేమోనని నగరం వణికింది. తర్వాతి ఏడాది దాన్ని ఎండగట్టారు. తాగడానికి నీరు లేని ఊరు నీటిలో మునగడం వింతగా తోస్తే, 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పునరావాస శిబిరాల్లో తాగునీటి కోసం పడిన పాట్లు గుర్తుచేసుకోండి.

ధర విషయం కూడా చూడాలి. దశాబ్దాల పాటు సౌదీలో ఇళ్లకు నీరు దాదాపు ఉచితం. 2016 జనవరిలో ఛార్జీలు పెంచితే ప్రజల్లో ఎంత ఆగ్రహం వచ్చిందంటే, ఏప్రిల్‌లో ఏకంగా నీటి శాఖ మంత్రినే తొలగించారు. గొట్టం ఉన్న ధనికుడికి చవక నీరు, గొట్టం లేని పేదకు ఖరీదైన ట్యాంకరు. ఈ తిరకాసు ఒక్క జిద్దాదే కాదు.

మన సంగతికి వద్దాం. కొత్తగూడెం ఎడారి కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన. నలభై కిలోమీటర్ల దూరంలో గోదావరి. పాల్వంచ దాటితే కిన్నెరసాని. థర్మల్ కేంద్రం అవసరాల కోసం 1960ల్లో కట్టిన ఆ జలాశయం నిండు మట్టం 407 అడుగులు. కొత్తగూడెం, పాల్వంచ తాగేది ఆ నీరే. ఆ థర్మల్ కేంద్రంలో పాత యూనిట్లు 2020లో మూతపడ్డాయి, వాటి కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. జలాశయం మాత్రం అలాగే ఉంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ మనిషికి రోజుకు పల్లెల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు అని లెక్క కట్టింది. మరి మన వీధుల్లో పొద్దున్నే ఆటోల మీద తిరిగే ఇరవై లీటర్ల డబ్బాలు ఎందుకు?

అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే: కొళాయి నీటి మీద నమ్మకం లేదు. ఈ అపనమ్మకం పూర్తిగా అకారణం అనలేం. వానాకాలంలో నీరు ఎర్రగా వస్తుంది, పైపులు మురికి కాలువల గుండా పోతాయి, సరఫరా వేళ తెలియదు. కానీ మందు రోగానికి తగ్గదిగా ఉండాలి కదా. వీధి ప్లాంటులో ఉన్న ఆర్‌ఓ పొర జిద్దా తీరంలో సముద్రపు నీటిని వడగట్టడానికి వాడే పొరకు తోబుట్టువు. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాన్ని పనికొచ్చే స్థితికి తెచ్చిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. లీటరుకు 35 వేల మిల్లీగ్రాములకు పైగా ఉప్పు ఉన్న సముద్రపు నీటికి అది అవసరం. ఏటి నీటికి కావలసింది మడ్డి తేరడం, క్లోరిన్ వేయడం, పైపు పగలకుండా చూడటం. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఇంట్లో పెట్టుకునే ఆర్‌ఓ మిషను పోసిన నీటిలో సగానికి పైగా బయటికి పారేస్తుంది. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వుజూకు నీరు వృథా చేయకూడదని పిల్లలకు నేర్పేది మనమే. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెలకు ఆర్‌ఓ తప్పదు, అది వేరే మాట.

డబ్బాలు అమ్మేవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. వారిలో మన కుర్రాళ్లూ ఉన్నారు, అప్పు చేసి ప్లాంటు పెట్టుకున్నారు. కానీ ఒక్కటి గమనించాలి. ఉన్నవారు డబ్బా నీటికి మారిన కొద్దీ కొళాయి నీరు ఎలా ఉన్నా అడిగేవారు తగ్గుతారు. పలుకుబడి ఉన్న ఇల్లు ఫిర్యాదు మానేస్తే, మిగిలేది డబ్బా కొనలేని ఇల్లు. జిద్దాలో తొట్టి ఉన్న వర్తకుడికి కాలువ అవసరం లేకపోయింది. కాలువలు ఎండడానికి అదీ ఒక కారణం.

నీరు, గడ్డి, నిప్పు ఈ మూడింటిలో జనమంతా భాగస్వాములన్నది దైవప్రవక్త (స) బోధగా మనం వింటూ వచ్చాం. జుమా ప్రసంగాల్లో ఈ మాట వినిపిస్తుంది. ఆ తర్వాత కొళాయి నీటి పరీక్ష ఎప్పుడు జరిగింది, క్లోరిన్ ఎంత ఉంది అన్న కాగితం అడిగి తెచ్చి మసీదు నోటీసు బోర్డు మీద అంటించమని కమిటీలను ఎందరు అడిగారు? ఆ కాగితం నెలనెలా అక్కడ కనిపిస్తే ముస్లింలే కాదు, ఆ దారిన పోయే ప్రతివారూ చదువుకుంటారు. బాగుంటే డబ్బా మానేస్తారు, బాగాలేకపోతే నలుగురూ కలిసి వెళ్లి అడుగుతారు.

కొన్ని మసీదుల దగ్గర బోరు, ట్యాంకు, ఫిల్టరు పెట్టి, కొళాయిలను ప్రహరీ బయటికి, రోడ్డు వైపుకు తిప్పి ఉంచారు. బిందెతో వచ్చినవారిని ఎవరు, ఏమిటని అడగరు. మరికొన్నిచోట్ల అదే నీరు, అదే ట్యాంకు, కొళాయి మాత్రం గోడ లోపల ఉంది. దాన్ని బయటికి తిప్పడానికి నాలుగు అడుగుల పైపు, ఒక ప్లంబరు, ఒక పూట పని చాలు.